ఇసుకలో బతికే మొక్క కుండీలో ఎందుకు కుళ్లుతుంది?

వారానికి ఒక్కసారే నీళ్లు పోశాం, ఎండ తగిలే చోటే పెట్టాం, అయినా కలబంద మొదలు మెత్తబడి ఒకనాటి పొద్దున పక్కకు ఒరిగిపోయింది. ఎందుకు? ఇంట్లో నాలుగు కుండీలు పెట్టుకున్నవాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఇది. అడిగినవాళ్లలో చాలామంది తప్పు నీళ్లదో ఎండదో అనుకుంటారు. కుండీని అనుమానించేవాళ్లు తక్కువ.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తీరంలో ఈ ప్రశ్న ఇంకాస్త గట్టిగా నిలదీస్తుంది. ఇచ్ఛాపురం మండలంలో సముద్రాన్ని ఆనుకుని ఉన్న డొంకూరునే తీసుకోండి. ఒడ్డున ఇసుకమేటల మీద బాలబంద తీగ బారలు బారలుగా పాకి ఉంటుంది. దాని ఆకు మందం, పట్టుకుంటే చేతికి కండగా తగులుతుంది. పక్కనే రావణుడి మీసాలు ఇసుకను పట్టుకుని ఉంటాయి. ఈ జిల్లాలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల పైన వాన పడుతుంది. అక్టోబరు వచ్చిందంటే తుఫాను భయం ఉండనే ఉంది. అన్ని రోజులు నానినా ఆ తీగ వేరు కుళ్లదు. అదే ఇసుకను బుట్టెడు తెచ్చి ప్లాస్టిక్ కుండీలో పోసి, అందులో కలబంద పిలకనో, జేడ్ మొక్కనో నాటితే వానాకాలం దాటడం కష్టం. ఇసుక అదే, గాలీ వానా అవే. మొక్క మారినా, అసలు తేడా తెచ్చింది కుండీయే.

కుండీలోకి వచ్చేసరికి ఇసుకకు ఏమవుతుందో తెలిస్తే, ఏ కుండీ కొనాలన్న ప్రశ్నకు జవాబు దానంతటదే వస్తుంది. ముందు ఆ మొక్కల సంగతి కొంచెం చూద్దాం.

పగలు తలుపులు మూసుకునే మొక్కలు

నర్సరీల్లో సక్యులెంట్లు అని అమ్మేవాటిని ఈ అధ్యాయంలో కండమొక్కలు అందాం. ఆకులోనో, కాండంలోనో, మొదట్లోనో నీటిని దాచుకునే మొక్కలన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. ఇవి మనకు కొత్తవేమీ కావు. కలబంద, రణపాల, నల్లేరు, బొమ్మజెముడు, నాగజెముడు మన ఊళ్ల గట్ల మీద, కంచెల్లో ఎప్పటినుంచో ఉన్నాయి. ఎడారి గులాబీ అని పిలిచే అడీనియం, జేడ్, హవోర్తియా, ఎచెవేరియా ఈమధ్య వచ్చి చేరాయి.

ఈ మొక్కలు నీటిని ఎంత పొదుపుగా వాడతాయో మొదట రుచి చూసి చెప్పినవాళ్లలో ఒకాయన తెలుగునేల మీద పనిచేసిన మనిషే. వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ 1793లో సామర్లకోట విడిచి కలకత్తా తోటకు వెళ్లాక, ఇక్కడి వృక్షశాస్త్రజ్ఞుడి పని బెంజమిన్ హైన్ అనే జర్మన్‌కు అప్పగించారు. ఆయన రణపాల ఆకును రోజులో వేర్వేరు వేళల్లో నమిలి చూశాడు. పొద్దున్నే పుల్లగా ఉంది. మధ్యాహ్నానికి పులుపు పోయి చప్పబడింది. సాయంత్రానికి కొద్దిగా చేదెక్కింది. ఈ సంగతి ఆయన 1813లో ఒక ఉత్తరంలో రాశాడు. లండన్‌లోని లిన్నేయన్ సొసైటీ దాన్ని 1815లో అచ్చువేసింది.

ఆ పులుపుకు కారణం తేలడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. మామూలు మొక్కలు పగటిపూట ఆకు మీది సన్నని రంధ్రాలు తెరిచి బొగ్గుపులుసు గాలిని, అంటే కార్బన్ డయాక్సైడ్‌ను లోపలికి తీసుకుంటాయి. రంధ్రం తెరిచినప్పుడల్లా లోపలి తడి ఆవిరై బయటికి పోతుంది. రణపాల అలా చేయదు. పగలు రంధ్రాలు మూసుకుని, చల్లబడిన రాత్రి తెరుస్తుంది. రాత్రి తీసుకున్న గాలిని మాలిక్ ఆమ్లంగా మార్చి ఆకులో దాచుకుంటుంది. పొద్దున్నే హైన్ నాలుకకు తగిలింది ఆ ఆమ్లమే. ఎండ వచ్చాక దాన్ని విడగొట్టి పిండిపదార్థం తయారుచేసుకుంటుంది, పులుపు తగ్గిపోతుంది. రణపాల కుటుంబం పేరు క్రాసులేసీ కాబట్టి, ఈ పద్ధతికి క్రాసులేషియన్ ఆమ్ల జీవక్రియ అని పేరు పెట్టారు. అన్ని కండమొక్కలూ ఈ దారిన నడవవు. మనం పప్పులో వేసుకునే గంగపాయల కూర అయితే తడి ఉన్నప్పుడు ఒక పద్ధతి, నేల ఎండితే ఇంకో పద్ధతి పాటిస్తుంది. అంత చిన్న మొక్కలో రెండు యంత్రాలు ఉండటం చూస్తే ముచ్చటేస్తుంది.

లెక్కలో చెప్పాలంటే, ఒక గ్రాము కార్బన్ డయాక్సైడ్ సంపాదించుకోవడానికి వరిలాంటి మొక్క 400 నుంచి 500 గ్రాముల నీటిని ఆవిరి చేస్తుంది. ఈ రాత్రి పద్ధతి మొక్కకు 50 నుంచి 100 గ్రాములు చాలు.

మనకు కావలసిన కీలకం ఇక్కడుంది. కుండీలో వేసిన తోటకూర మనం పోసిన నీటిని రెండు రోజుల్లో పీల్చి గాలిలోకి వదిలేస్తుంది. కుండీ ఎలాంటిదైనా పెద్ద తేడా రాదు, మట్టిని ఆరబెట్టే పని మొక్కే చేస్తుంది. కండమొక్క ఆ పని చేయదు. అది గుక్కెడు తాగి ఊరుకుంటుంది. మిగిలిన నీటిని బయటికి పంపే బాధ్యత ఇంకెవరిదో కావాలి. ఆ పని కుండీ చేస్తే మొక్క బతుకుతుంది.

చేయకపోతే ఏమవుతుంది? వేరుకు నీటితో పాటు ప్రాణవాయువు కూడా కావాలి. మట్టి రేణువుల సందుల్లో గాలి ఉన్నంతసేపూ అది అందుతుంది. సందులు నీటితో నిండిపోతే, ఆక్సిజన్ ఆ నీటిలోంచి వేరు దాకా చేరాలి. నీటిలో దాని నడక గాలిలోకంటే సుమారు 10,000 రెట్లు నెమ్మది. వేరు ఉక్కిరిబిక్కిరై చచ్చిపోతుంది. చచ్చిన వేరును తినడానికి పితియం, ఫైటాప్తొరా వంటి సూక్ష్మజీవులు కాచుకుని ఉంటాయి. వాటి బీజాలకు తోకలుంటాయి, నీరు నిండిన సందుల్లో ఈదుకుంటూ వేరు దగ్గరికి వస్తాయి. కుళ్లు కింద మొదలై పైకి పాకుతుంది. ఆకు వడలేసరికి మన కంటికి కనిపించేది చివరి ఘట్టం మాత్రమే.

కుండీ అడుగున ఆగిన నీరు

కుండీకి కింద చిల్లు ఉంది, నీళ్లు కారిపోయాయి, కాబట్టి లోపల నీరు నిలవలేదు అనుకుంటాం. కానీ చిల్లు ఉన్నా నీరు నిలుస్తుంది. ఎందుకో తెలియాలంటే దండెం దగ్గరికి వెళ్లాలి.

ఉతికిన చీరను పిండకుండా దండెం మీద నిలువుగా వేలాడదీయండి. కాసేపు కింది అంచు నుంచి నీళ్లు ధారగా, తర్వాత బొట్లుగా కారతాయి. కొంతసేపటికి కారడం ఆగిపోతుంది. అప్పుడు చేత్తో తడిమి చూడండి. పైభాగం పొడిబారుతూ ఉంటుంది, కింది అంచు మాత్రం ఇంకా తడితో బరువుగా ఉంటుంది. నీరు కారడం ఆగినంత మాత్రాన చీరలో నీరు లేదని కాదు. దారాల సందులు నీటిని పట్టుకునే బలం, నీటిని కిందికి లాగే భూమి బలం సరిసమానమైన చోట ఆ నీరు ఆగిపోయింది. ఇప్పుడు చీర బదులు చేతిరుమాలు ఆరేయండి. తడి అంచు మందం దాదాపు అంతే ఉంటుంది. కానీ రుమాలు పొడవే జానెడు కనుక, సగానికి సగం ఆ తడి అంచే అవుతుంది.

కుండీలో మట్టి అచ్చం ఇలాగే ప్రవర్తిస్తుంది. నీళ్లు పోశాక చిల్లు నుంచి కారడం ఆగినా, అడుగున కొంత మందాన మట్టి సందులన్నీ నీటితో నిండే ఉంటాయి. ఇంగ్లీషు పుస్తకాల్లో పెర్చ్‌డ్ వాటర్ టేబుల్ అని రాసే దీన్ని మనం తడిమట్టం అందాం. తడిమట్టం ఎంత ఎత్తుంటుందో నిర్ణయించేది కుండీ కాదు, మట్టి రేణువుల మధ్య సందు. సందు సన్నబడేకొద్దీ నీటి ఎత్తు పెరుగుతుంది. ఒక మిల్లీమీటరు వెడల్పు ఉన్న గాజు గొట్టాన్ని నీటిలో నిలబెడితే నీరు సుమారు 3 సెంటీమీటర్లు పైకెక్కి ఆగుతుంది. వెడల్పు అందులో పదోవంతైతే 30 సెంటీమీటర్లు ఎక్కుతుంది.

ఇప్పుడు మన ఇసుక సంగతి తేలిపోతుంది. తీరపు సన్న ఇసుక రేణువులు మిల్లీమీటరులో పావువంతు, అంతకంటే చిన్నవి. వాటి మధ్య సందులు ఇంకా చిన్నవి. అలాంటి ఇసుకను 12 సెంటీమీటర్ల ఎత్తు కుండీలో పోస్తే, తడిమట్టం కుండీ పైఅంచు దాకా చేరినా ఆశ్చర్యం లేదు. పైన చూస్తే పొడి ఇసుక, వేలు దించితే బురద. ఇసుకమేటలోనైతే ఆ పొర కింద మీటర్ల లోతున ఇసుకే ఉంటుంది. నీరు ఎక్కడా ఆగకుండా దిగిపోతుంది, తడి అంచు ఎక్కడో లోతున ఉంటుంది. బాలబంద వేళ్లకు పైన గాలి, కింద తడి రెండూ దొరుకుతాయి. మేట అంటే చాలా పొడవైన చీర. మనం కుండీలోకి తెచ్చిపోసిన ఇసుక చేతిరుమాలు.

సముద్రపు ఇసుక మరో రెండు కారణాల వల్ల కూడా పనికిరాదు. అందులో ఉప్పు ఉంటుంది. కడిగితే ఉప్పు పోవచ్చు, సన్నదనం పోదు. పైగా ఇసుకమేటలు తుఫాను కెరటాలకు ఊరికున్న అడ్డుకట్టలు, సముద్ర తాబేళ్లు గుడ్లు పెట్టుకునే తావులు. వాటిని తవ్వడాన్ని తీరప్రాంత నియంత్రణ నిబంధనలు నిషేధిస్తున్నాయి. బుట్టెడు ఇసుకే కదా అనుకోవద్దు.

అడుగున గులకరాళ్లు పోస్తే నీరు బాగా దిగుతుందన్న నమ్మకం కూడా చాలామందికి ఉంది. తోటపని పుస్తకాలు సైతం అలా రాశాయి. జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం. సన్న సందుల్లోని నీరు పెద్ద సందుల్లోకి తేలిగ్గా దిగదు. పైమట్టి పూర్తిగా నానిపోయి, ఇక పట్టుకోలేనన్న దశ వచ్చాకే కిందికి దూకుతుంది. అమెరికాలో వాల్టర్ గార్డ్‌నర్ అనే నేలశాస్త్రజ్ఞుడు గాజు పలకల మధ్య మట్టి పొరలు పేర్చి, నీరు గులకపొర అంచు దాకా వచ్చి ఆగిపోవడాన్ని ఫిల్ము తీసి విద్యార్థులకు చూపించాడు. అంటే గులకరాళ్లు పోస్తే తడిమట్టం పోదు, రాళ్ల ఎత్తు మేరకు పైకి జరుగుతుంది. వేళ్లకు ఇంకా దగ్గరవుతుంది. చిల్లు మీద మట్టి జారకుండా ఒక్క పెంకు ముక్క వేస్తే చాలు. రాళ్లను అడుగున పరచకండి, మట్టిలోనే కలపండి.

మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల ముక్కలు కలిసిన మట్టిలో సందులు పెద్దవవుతాయి, తడిమట్టం రెండు మూడు సెంటీమీటర్లకు పడిపోతుంది. ఇందుకు ఎక్కడి నుంచో ప్యూమిస్ రాయి తెప్పించుకోనక్కర్లేదు. పాత ఇటుకలు, పగిలిన బంగాళా పెంకులు దంచి జల్లెడ పట్టి, పొడి పారబోసి ముక్కలు ఉంచుకోండి. ఇటుక ముక్క తన లోపల కొంచెం తడి దాచుకుంటుంది, ముక్కకూ ముక్కకూ మధ్య గాలిని ఉంచుతుంది. కండమొక్క వేరుకు కావలసింది అదే.

ఉద్దానంలో చేతికి తేలిగ్గా అందేది కొబ్బరి పొట్టు. కడియం నుంచి వచ్చినా మరెక్కడి నుంచి వచ్చినా, నర్సరీ మొక్క చిన్న నల్లకుండీలో ఈ పొట్టులోనే వస్తుంది. తేలికగా ఉంటుంది కనుక లారీలో పంపడానికి అనువు. కానీ పొట్టు తన బరువుకు ఎనిమిది రెట్ల దాకా నీటిని పట్టుకోగలదు. పొడిగాలి ఉన్న అనంతపురంలో అది మేలు చేయవచ్చు. వానాకాలమంతా గాలే తడిగా ఉండే ఉద్దానంలో కండమొక్కకు అది ముంపు. మొక్క కొన్నాక వేళ్లకు అంటిన పొట్టును మెల్లగా దులిపి మట్టి మార్చడం మంచిది.

గోడల గుండా పోయే తడి

చిల్లు నుంచి పోయే నీరు ఒక భాగం. తడిమట్టంగా ఆగిన నీరు ఎలా పోవాలి? ఇక్కడ కుండీ దేనితో చేశారన్నది ముఖ్యమవుతుంది.

ఎండాకాలం మనం తాగే కుండనీళ్లు ఎందుకు చల్లగా ఉంటాయో చిన్నప్పుడు బడిలో చదువుకున్నదే. కుమ్మరి ఆవంలో వేడి మట్టిని గట్టిపరుస్తుంది కానీ కరిగించి గాజులా చేయదు. కంటికి కనిపించని సందులు గోడలో మిగిలిపోతాయి. లోపలి నీరు వాటి గుండా పైకి ఊరి ఆవిరవుతుంది, ఆవిరయ్యేటప్పుడు వేడిని తీసుకుపోతుంది. మట్టి కుండీ గోడ కూడా ఇదే పని చేస్తుంది. లోపలి మట్టి నుంచి తడిని పీల్చి బయటిగాలికి అప్పగిస్తుంది. ప్లాస్టిక్ కుండీలో నీరు పైనుంచి మాత్రమే ఆవిరి కాగలదు. మట్టి కుండీలో చుట్టుగోడంతా ఆవిరి దారే. కండమొక్క చేయని పనిని చేసిపెట్టేది ఈ గోడే. మే నెల ఎండలో దీనికి ఇంకో లాభం ఉంది. నల్ల ప్లాస్టిక్ కుండీ ఎండకు కాగి గోడను తాకిన వేళ్లను ఉడికిస్తుంది. తడి ఊరే మట్టిగోడ ఆ వేడిని కొంత తగ్గిస్తుంది.

అందుకని మట్టి రంగున్న ప్రతి కుండీ పనికొస్తుందని కాదు. రంగులేసిన మట్టి కుండీలు సంతల్లో, రోడ్డు పక్కన వరసగా పేర్చి అమ్ముతున్నారు. చూడటానికి బాగుంటాయి. బయట ఎనామిల్ పూత పూశాక గోడ సందులు మూసుకుపోయి, ఆ కుండీ ప్లాస్టిక్ కుండీ లెక్కలోకే వెళ్లిపోతుంది. మెరుగు పూసిన పింగాణీ కుండీ, ఊరగాయ జాడీ కూడా అంతే. జాడీకి చిల్లు కూడా ఉండదు. అలంకారానికి జాడీయే కావాలనుకుంటే చిన్న మట్టి కుండీలో మొక్కను పెంచి, దాన్ని జాడీలో దింపండి. నీళ్లు పోసేటప్పుడు బయటికి తీసి, కారిపోయాక మళ్లీ పెట్టండి. సిమెంటు కుండీ బరువుగా, నిలకడగా ఉంటుంది. అయితే కొత్తదాని నుంచి సున్నం ఊరుతుంది. కొన్ని వారాలు నీళ్లు పోసి, పారబోస్తూ ఉన్నాకే మొక్క నాటాలి.

అసలు మట్టిగోడ ఎంత పీలుస్తుందో కొట్టులోనే తెలుసుకోవచ్చు. వేలు తడిపి బయటి గోడ మీద ఒక్క చుక్క పెట్టండి. చూస్తుండగానే ఇంకిపోతే సందులు తెరిచి ఉన్నట్టు. చుక్క ముత్యంలా నిలబడితే పూత ఉన్నట్టు. తర్వాత వేలి కణుపుతో తట్టి చూడండి. ఖంగుమంటే బాగా కాలింది, బొంగురుగా మోగితే ఎక్కడో బీటుంది. కుండలు కొనేటప్పుడు మన అమ్మమ్మలు చేసిన పరీక్షే ఇది, కుండీకీ సరిపోతుంది.

తీరంలో మట్టి కుండీకి ఒక చిక్కు ఉంది. సముద్రపు గాలి ఉప్పు తుంపరను మోసుకొస్తుంది. బోరు నీటిలోనూ లవణాలుంటాయి. నీరు గోడ గుండా ఊరి ఆవిరవుతుంది, లవణం మాత్రం గోడలోనే మిగిలిపోతుంది. బయట తెల్లగా పూసే పొర అదే. లోపలి సందుల్లో ఉప్పు స్ఫటికాలు పెరిగి పెరిగి గోడను పొరలు పొరలుగా పగలగొడతాయి. ఒడ్డున ఉన్న ఇళ్లలో ఇటుక గోడలు పెచ్చులు లేవడానికీ కారణం ఇదే. సరిగా కాలని కుండీ ముందు పోతుంది. ఇక్కడ కొద్దిగా ఎక్కువ కాలిన, ఎర్రగా గట్టిగా ఉన్న కుండీని ఎంచుకోవడం నయం. వాన నీరు దొరికినప్పుడు చిల్లు నుంచి ధారగా కారేదాకా పోస్తే పేరుకున్న ఉప్పు కొంత కొట్టుకుపోతుంది. తెల్ల పొరను కొబ్బరి పీచుతో రుద్దితే పోతుంది.

ఎంత పెద్దది, ఎంత లోతు

మొక్క పెరుగుతుంది కదా అని ముందే పెద్ద కుండీ కొనడం మన అలవాటు, పిల్లలకు ఓ సైజు పెద్ద చొక్కా కొన్నట్టు. కండమొక్క విషయంలో ఇది తప్పు. లెక్క చూడండి. 10 సెంటీమీటర్ల కుండీ బదులు అన్ని వైపులా రెట్టింపైన 20 సెంటీమీటర్ల కుండీ తీసుకుంటే, అందులో పట్టే మట్టి ఎనిమిది రెట్లవుతుంది. ఆవిరి పోయే గోడ మాత్రం నాలుగు రెట్లే అవుతుంది. అంటే పిడికెడు మట్టికి దొరికే గోడ సగానికి పడిపోయింది. నడిమధ్య మట్టి రోజుల తరబడి ఆరదు. చిన్న మొక్క వేళ్లు అంత దూరం వెళ్లి ఆ తడిని పీల్చలేవు కూడా. మొక్క వెడల్పు కంటే రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువ ఉన్న కుండీ చాలు. వేళ్లు చిల్లులోంచి తొంగిచూసినప్పుడు మార్చుకోవచ్చు.

లోతు విషయంలో మొక్కను బట్టి పోవాలి. బ్రహ్మజెముళ్లలో చాలావాటి వేళ్లు నేల పైపైనే పరుచుకుంటాయి. అమెరికా ఎడారిలో పదిమీటర్ల పైకి పెరిగే సాగ్వారో జెముడుకు కూడా ఎక్కువ వేళ్లు జానెడు లోతు లోపే ఉంటాయి. వాన చినుకు ఆవిరైపోకముందే అందుకోవాలని వాటి ప్రయత్నం. హవోర్తియా, చిన్న జెముళ్లకు వెడల్పు మూతి, తక్కువ లోతు ఉన్న చట్టిలాంటి కుండీ నప్పుతుంది. అడీనియానికి మాత్రం దుంపలాంటి మొదలు, కిందికి దిగే వేరు ఉంటాయి. దానికి లోతు కావాలి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. లోతు తక్కువ కుండీలో నీరు త్వరగా ఆరుతుందని అనుకుంటారు. దండెం మీద రుమాలు గుర్తుందా? మట్టి సన్నదైతే, లోతు తక్కువ కుండీ మొత్తం తడిమట్టమే అవుతుంది. కాబట్టి చట్టి ఎంత లోతు తక్కువైతే మట్టి అంత మొరటుగా ఉండాలి. ఉద్దానంలో కొందరు ముచ్చటగా కొబ్బరి చిప్పల్లో ఈ మొక్కలు పెంచుతారు. చిప్ప లోతు ఐదారు సెంటీమీటర్లు. మూడు కన్నుల్లో మెత్తనిదాన్ని పొడిచి చిల్లు చేస్తారు. మామూలు తోటమట్టి పోస్తే ఆ మొక్క నీటిలో కూర్చున్నట్టే. చిప్ప నింపాలంటే ఇటుక ముక్కలే సగానికి పైన ఉండాలి. అప్పుడు కూడా ఒకటి రెండేళ్లకు చిప్ప పుచ్చిపోతుంది. దాన్ని తాత్కాలిక ఏర్పాటుగా చూడటమే సబబు.

తడిమట్టాన్ని తగ్గించే ఉపాయం ఒకటి ఈ ప్రాంతానికే సరిగ్గా సరిపోతుంది. మట్టి కుండీని నున్నటి అరుగు మీద కాకుండా మొరటు ఇసుక పరిచిన చోట, అడుగు ఒక అంగుళం కూరుకునేలా పెట్టండి. చిల్లు దగ్గర లోపలి మట్టి కింది ఇసుకను తాకాలి. అప్పుడు నీటికి కుండీ అడుగు చివరిది కాదు. తడి అంచు కుండీ దాటి కింది ఇసుకలోకి దిగుతుంది. రుమాలుకు కింద చీర కుట్టినట్టు అన్నమాట. ఇల్లు ఒడ్డుకు దూరమైనా, అరుగే గతి అయినా, చిల్లులోంచి కొబ్బరి తాడు ముక్కను జానెడు కిందికి వేలాడదీసి కుండీని రెండు ఇటుకల మీద ఎత్తి పెట్టినా అదే ఫలితం కొంతమేరకు దొరుకుతుంది. తాడు కొస నుంచి బొట్లు పడటం మీరే చూస్తారు. కుండీ కింద పళ్లెం పెట్టి అందులో నీరు నిలవనివ్వడం మాత్రం ఈ శ్రమంతా వృథా చేసుకోవడమే.

డొంకూరు గాలికి తగిన కుండీ

కుండీల గురించి ఇంటర్నెట్‌లో కనిపించే సలహాలు ఎక్కువగా పొడి దేశాల నుంచో, చలి దేశాల నుంచో వచ్చినవి. వాటిలో తప్పేమీ లేదు, వాటి గాలి వేరు. మట్టిగోడ ఎంత వేగంగా తడిని వదులుతుందన్నది బయటి గాలి ఎంత పొడిగా ఉందన్నదాని మీద ఆధారపడుతుంది. రాయలసీమలో వేసవిలో మట్టి కుండీ ఒక రోజులో పొడిబారితే, జులైలో డొంకూరులో అదే కుండీకి చాలా రోజులు పడుతుంది. గాలే తడితో నిండినప్పుడు గోడ నుంచి తడి ఎక్కడికి పోతుంది? ఆ రోజుల్లో సముద్రపు గాలి ఆడే చోటు వెతకాలి. గోడ చుట్టూ చేరిన తేమను గాలి తోసేస్తేనే ఆవిరి సాగుతుంది. నాలుగు కుండీలను ఒకదానికొకటి ఆనించి పెట్టకుండా మధ్య బెత్తెడు ఖాళీ ఉంచితే లాభం కనిపిస్తుంది.

వానాకాలంలో ఏ కుండీ అయినా ఒక్కటే మొక్కను కాపాడలేదు. దానికి చూరు తోడుండాలి. ఎండ ఏటవాలుగా తగిలి, వాన నేరుగా పడని వసారా అంచు ఈ మొక్కలకు సరైన చోటు. జూన్ నుంచి అక్టోబరు దాకా అక్కడ ఉంచి, తర్వాత బయటికి జరపవచ్చు.

తుఫాను సంగతి కూడా కుండీ కొనేటప్పుడే ఆలోచించాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచింది. ఉద్దానంలో కాపుకొచ్చిన కొబ్బరి, జీడి చెట్లు వేళ్లతో సహా నేలకొరిగాయి. బతుకుతెరువులు కూలిపోయిన ఆ రోజుల్లో కుండీల గురించి ఎవరూ మాట్లాడుకోలేదు, మాట్లాడుకోవలసిన పనీ లేదు. అయినా మేడ పిట్టగోడ మీద పెట్టిన కుండీ గాలికి లేస్తే మనిషి నెత్తిన పడే రాయి అవుతుంది. ఈ తీరంలో పొడవుగా సన్నగా ఉన్న కుండీలు, వేలాడదీసే తొట్లు, పిట్టగోడ మీది వరసలు వద్దు. అడుగు వెడల్పుగా ఉండి, నేల మీద నిలిచేవి కావాలి. హెచ్చరిక వచ్చిన రోజున లోపలికి మోయగలిగే బరువే ఉండాలి.

ఆకారం విషయంలో ఒక మాట. నీళ్ల కుండ పొట్ట వెడల్పు, మూతి ఇరుకు. పాతకుండలో మొక్క నాటితే చూపుకు అందంగానే ఉంటుంది గానీ, మట్టి మార్చాల్సి వచ్చినప్పుడు కుండనైనా పగలగొట్టాలి, వేళ్లనైనా తెంపాలి. మూతి వెడల్పుగా, అడుగుకు వచ్చేసరికి కొద్దిగా సన్నబడే కుండీ అయితే తలకిందులు చేసి అడుగున తడితే మొక్క ముద్దగా జారి చేతిలో పడుతుంది.

అన్నీ కలిపి నా తీర్పు ఇది. డొంకూరు నుంచి బారువ దాకా ఈ తీరంలో కలబంద, జేడ్, హవోర్తియా, చిన్న జెముళ్లు పెంచేవాళ్లకు పూత లేని, గట్టిగా కాలిన, 10 నుంచి 12 సెంటీమీటర్ల మట్టి కుండీకి మించింది లేదు. చిల్లు చిటికెన వేలు పట్టేంత ఉండాలి. సగం ఇటుక ముక్కలు, మిగతా సగంలో మొరటు ఏటి ఇసుక, కొంచెం మాగిన పెంట కలిపి నింపాలి. అడీనియానికి అదే రకం కుండీ, లోతు ఇంకో బెత్తెడు ఎక్కువ. నీళ్లు పోయడం గుర్తుండనివాళ్లు, వేసవిలో ఊళ్లు తిరిగేవాళ్లు ప్లాస్టిక్ కుండీ వాడుకోవచ్చు, కానీ అందులో ముక్కల పాలు ఇంకా పెంచి, వానాకాలం మొత్తం చూరు కిందే ఉంచాలి. మెక్సికో ఎత్తు కొండల చల్లని రాత్రులకు అలవాటుపడ్డ ఎచెవేరియాను మాత్రం ఏ కుండీలో పెట్టినా ఈ ఉక్కలో సుఖపెట్టడం కష్టం. బొమ్మ చూసి మోజుపడి కొనకండి.

నీళ్లు ఎప్పుడు పోయాలన్నదానికి కుండీయే కొలమానం. నీళ్లు పోసి కారిపోయాక చేత్తో ఎత్తి బరువు గుర్తుపెట్టుకోండి, వంటింట్లో తూకం యంత్రం ఉంటే అంకె రాసుకోండి. రోజులు గడిచేకొద్దీ బరువు తగ్గుతూ వచ్చి, ఒక దగ్గర ఆగిపోతుంది. అప్పుడు లోపల పోయే నీరు లేదని అర్థం. ఆ తర్వాత రెండు రోజులు ఆగి పోయండి. వారానికి ఒకసారి, పది రోజులకు ఒకసారి అన్న లెక్కలు జులైకీ మేకీ ఒకేలా పనిచేయవు. పక్కపక్కనే ఒక మట్టి కుండీ, ఒక ప్లాస్టిక్ కుండీ పెట్టి ఒకే మట్టి, ఒకే నీరు పోసి ఇలా తూచమని పిల్లలకు చెప్పండి. ఈ అధ్యాయంలో సగం విషయం వాళ్లే కనుక్కుంటారు.

కుండీ కోసం పట్నం కొట్టుకు వెళ్లేముందు మీ దగ్గరలో సారె తిప్పుతున్న కుమ్మరి ఇల్లు ఉందేమో చూడండి. దుకాణంలో కుండీకి చిన్న చిల్లే ఉంటుంది, కొన్నిటికి అదీ ఉండదు. కాలిన కుండీకి తర్వాత చిల్లు పొడవబోతే బీటలిస్తుంది. పచ్చిమట్టి మీదైతే అది ఒక్క వేలి పని. మూతి ఎంత వెడల్పు, లోతు ఎంత, చిల్లు ఎంత, రంగు వద్దు, ఆవంలో నడుమ పెట్టి బాగా కాల్చాలి అని ముందే చెప్పి పది కుండీలు ఒకేసారి చేయించుకోండి. చెప్పిన ధర ఇవ్వండి.